కొట్టిన మందు, చల్లిన మందు

పూర్ణిమ ఇంట్లో రెండు ప్రెషర్ కుక్కర్లున్నాయి. ఒకటి పప్పుకు, రెండోది బూజుకు. రెండోదాని మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో పెద్ద గుర్తు పెట్టింది ఆమె అత్త లక్ష్మీనర్సమ్మ. కోడలు ఏదో ధ్యాసలో ఉండి బూజు కుక్కర్లో బియ్యం పోసేస్తుందేమోనని ఆవిడ భయం.

"అందరిళ్లల్లో కోడళ్లు బూజు దులుపుతారు. మా కోడలు బూజును పెంచుద్ది," అని కోదాడలో ఆ వీధి వీధంతటికీ చెప్పేది లక్ష్మీనర్సమ్మ. ఆ చెప్పడంలో ఎగతాళి ఎంతుండేదో గొప్పా అంతే ఉండేది.

పూర్ణిమ కోదాడలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. భర్త చందు ఆర్టీసీలో కండక్టర్. ఆమె పుట్టిల్లు నడిగూడెం. ఎమ్మెస్సీ చదివింది కానీ, మొక్కల తెగుళ్లలో ఆమెకు పట్టా ఏమీ లేదు. ఆ విద్య ఆమెకు తమ్ముడి కొట్టు దగ్గర అంటుకుంది.

తమ్ముడు సాయిబాబుకు హుజూర్‌నగర్ రోడ్డు మీద విత్తనాలు, పురుగుమందుల కొట్టుంది. పొద్దున్నే రైతులు జేబులో మడిచిన ఆకులతో వస్తారు. కౌంటరు మీద పరిచి "ఇదేం తెగులో చూడయ్యా" అంటారు. సాయిబాబు ఒకసారి ఆకు వంక, ఒకసారి అలమర వంక చూసి ఏదో ఒక సీసా తీస్తాడు.

"ఏం తెగులో తేల్చుకోకుండా మందెట్లా ఇస్తావురా?" అంది ఒకరోజు పూర్ణిమ.

"చూశాగా అక్కా."

"కంటితో చూశావు. కంటికి అన్ని మచ్చలూ ఒకేలా ఉంటాయి."

"మరి దేంతో చూడాలి? నీ దగ్గరేమన్నా దివ్యదృష్టి ఉంటే ఇటివ్వు, కౌంటరు మీద పెట్టుకుంటా."

ఆ మాట ఆమెను పట్టుకుంది. సూర్యాపేటలో రక్తపరీక్షల ల్యాబు ఒకటి మూతపడి సామాను అమ్ముతుంటే, వెళ్లి పాత మైక్రోస్కోపు తెచ్చుకుంది. మొదటి ఏడాది దాని కింద ఆమెకు కనబడినవన్నీ గాలి బుడగలు, తన తువ్వాలు పోగులు. అయినా వదల్లేదు. ఆకును ఎంత సన్నగా కోస్తే వెలుతురు దూరుతుందో బ్లేడు పట్టి పట్టి తెలుసుకుంది. ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లలో గడ్డకట్టించే అగర్ పొడి కలిపి గాజు పళ్లేల్లో పోస్తే బూజుకు మంచి మేత. వరికి అగ్గితెగులు తెచ్చే బూజు మాత్రం ఆ మేత మీద బద్ధకంగా పెరుగుతుంది, ఓట్స్ వేసి కాస్తే బీజాలు కడుతుంది. ఇవి పుస్తకాల్లోనూ ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది, ఎండాకాలం ఫ్యాన్ ఆపిన గదిలో సారా దీపం ముందు కూర్చుని, చెమట పళ్లెంలో పడకుండా, ఊపిరి పక్కకు వదులుతూ సూది దించడం. అది చెయ్యి నేర్చుకోవాల్సిందే. చేపల తొట్టి ఒకటి పక్కకు తిరగేసి దాంట్లో దీపం పెట్టుకుంది. అదే ఆమె ప్రయోగశాల.

మొదట్లో పళ్లేల్లో తాను నాటిన బూజుకంటే గాలిలోంచి పడ్డ బూజులే ఎక్కువ లేచేవి. నల్లవి, ఆకుపచ్చవి, పీచుమిఠాయిలాంటివి. వాటిని చూసి లక్ష్మీనర్సమ్మ "ఈసారి రంగులు బాగా కుదిరినయ్" అనేది. కొన్నాళ్లకు ఆ రంగులు ఆగిపోయాయి. నాటింది నాటినట్టే లేవడం మొదలైంది. వరి మెడ దగ్గర నల్లబడ్డ చోటు కోసి, కడిగి, తడి కాగితం మీద పెట్టి మర్నాడు చూస్తే బేరికాయ ఆకారంలో బీజాలు కనబడతాయి. వాటిల్లో ఒక్కదాన్ని సూదిమొన మీద లేపి వేరే పళ్లెంలో పెంచాలి. పెరిగినదాన్ని తెగులు లేని వరి కుండీ మీద చల్లి, తెగులు వస్తుందా చూడాలి. వస్తే, ఆ మొక్కలోంచి మళ్లీ అదే బూజును బయటికి తీయాలి. దొంగను పట్టుకుని, మళ్లీ అదే దొంగతనం చేయించి, మళ్లీ పట్టుకోవడమన్నమాట. ఈ పని పూర్ణిమ చేయి తడబడకుండా చేయగలిగేనాటికి కాలేజీలో ఆమెకు జుట్టు నెరవడం మొదలైంది.

అప్పుడామె, అగ్గితెగులు కంకి మెడకు తగిలితే వచ్చే మెడవిరుపు మీద పడింది. సాగర్ ఎడమ కాలువ కింద సన్నవడ్లు వేసిన ప్రతి రైతుకూ దాని సంగతి తెలుసు. చేను పచ్చగా, నిండుగా ఉంటుంది. కంకి బయటికొచ్చాక మెడ దగ్గర నల్లబడి విరుగుతుంది. కంకి తెల్లగా ఎండి వేలాడుతుంది. లోపలంతా తాలే. కొన్ని చేలల్లో ఇంత, పక్క చేలో అసలు లేదు. ఎందుకు?

ఆ వానాకాలమంతా సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కింది. కోదాడ చుట్టుపక్కల, సూర్యాపేట దిక్కు, మిర్యాలగూడ దిక్కు, మూడు చోట్లా చేలల్లో దిగి విరిగిన మెడలు లెక్కపెట్టింది, నమూనాలు తెచ్చుకుంది, రైతులను అడిగి రాసుకుంది. ఏ రకం, ఎప్పుడు నాటారు, కంకి ఇంకా కాడలోపలే ఉండే పొట్ట దశలో మందు ఎన్నిసార్లు వాడారు.

అన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే ఒక చిత్రం బయటపడింది. కోదాడ దిక్కు మందు వాడిన చేలల్లో మెడవిరుపు తక్కువ. అది మామూలే. కానీ సూర్యాపేట, మిర్యాలగూడ దిక్కుల్లో మందు ఎన్నిసార్లు వాడితే మెడవిరుపు అంత ఎక్కువ! దానికి ఒకటే అర్థం తోచింది. అటువైపు బూజు మందుకు అలవాటుపడిపోయింది. మందును లెక్కచేయని కొత్త రకం పుట్టింది. ఈ ప్రాంతం గురించి ఈ మాట ఇంతవరకు ఎవరూ రాయలేదు.

మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో గోపమ్మ అనే పెద్దావిడ, తన చేలో పూర్ణిమను వెంట తిప్పి చూపించినావిడ, ఆ చలికాలంలో బస్టాండులో కనబడితే ఉండబట్టలేక చెప్పేసింది కూడా. "గోపమ్మా, మీవైపు మందు పనిచేయట్లేదమ్మా" అని.

తర్వాత కూర్చుని వ్యాసం రాసింది. మొక్కల తెగుళ్ల మీద వచ్చే ఒక జర్నల్‌కు పంపింది. ఆ జర్నల్ వచ్చిన వ్యాసాన్ని వచ్చినట్టు వేయదు. ఆ పని తెలిసిన ఇద్దరికి పంపుతుంది. వాళ్లు పేరు బయటపెట్టకుండా చదివి, తప్పులు పట్టి, నిలుస్తుందో లేదో చెబుతారు. వాళ్లను దాటితేనే అచ్చు.

"పేపరు పంపానురా," అంది తమ్ముడితో.

"ఏ పేపర్లో పడుద్దక్కా? జిల్లా ఎడిషన్లోనా, మెయిన్లోనా?"

"ఆ పేపరు కాదురా."

"ఫొటో వేస్తారా అసలు?"

"బూజు ఫొటో వేస్తారు."

"నీ ఫొటో లేకుండా దాని ఫొటో వేస్తారా! ఏం పేపరక్కా అది," అని నిజంగానే బాధపడ్డాడు సాయిబాబు.

నవ్వులాటలు ఎన్నున్నా, పూర్ణిమకు ఆ వ్యాసంతో గట్టి అవసరమే ఉంది. కాలేజీలో బాటనీకి పూర్తికాలపు పోస్టు ఒకటి వేయబోతున్నారు. ఇలాంటి జర్నల్లో ఒక్క వ్యాసమైనా ఉండాలని షరతు. దరఖాస్తు డిసెంబరులో. ఏళ్ల తరబడి ఏడాదికోసారి పొడిగింపు కోసం ప్రిన్సిపాల్ గది ముందు నిలబడిన మనిషికి ఆ డిసెంబరు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడు వానాకాలం నాట్లు అయిపోయాక జవాబు వచ్చింది. మొదటి రివ్యూయర్ మెచ్చుకున్నాడు, నాలుగు సవరణలు చెప్పాడు. రెండో మనిషి ఆడో మగో తెలియదు, ఏ ఊరో తెలియదు, కానీ వేలు తిన్నగా ఒకే చోట పెట్టారు. "బూజు మందుకు చావడం లేదని మీరు రైతుల మాట మీద రాశారు. బూజునే అడిగి చూశారా? మీ దగ్గరున్న నమూనాల మీద పరీక్ష చేసి పంపండి."

చదవగానే పూర్ణిమకు చిన్న సిగ్గు కలిగింది. ఆ పరీక్ష తానే ముందు చేయాల్సింది. తన పని గట్టిదన్న నమ్మకంలో తొందరపడింది. ఫ్రిజ్‌లో పై అరలో, చిన్న కాగితపు ముక్కల మీద ఎండబెట్టి దాచిన బూజులను బయటికి తీసింది. కుక్కరు ఎక్కించింది. ఈ పరీక్షకు మేతలోనే మందు కలుపుతారు. ఒక పళ్లెంలో అసలు కలపకుండా, మిగతావాటిలో కొంచెం కొంచెంగా పెంచుతూ. మధ్యలో బూజు ముక్క పెట్టి, ఎంత పాకిందో రోజూ స్కేలుతో కొలుస్తారు.

మిర్యాలగూడ బూజులు, మందు లేని పళ్లెంలో ఎంచక్కా పెరిగాయి. మందున్న పళ్లేల్లో పెట్టిన ముక్క పెట్టినట్టే ఉండిపోయింది. సూర్యాపేటవీ అంతే, కోదాడవీ అంతే. మళ్లీ మొదటినుంచీ చేసింది. ఈసారి మందు సీసా కూడా మార్చింది. అదే ఫలితం.

అంటే బూజు మందుకు చస్తోంది. బాగా చస్తోంది.

ఇదివరకటి పూర్ణిమ అయితే తన చేతినే అనుమానించేది. ఇప్పుడా అవసరం లేదు. ఈ పళ్లేలు శుభ్రంగా ఉన్నాయి, కొలతలు సరిగా ఉన్నాయి. పళ్లెం అబద్ధం చెప్పలేదు. రైతులు తనకు అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు. మరి తప్పు ఎక్కడ?

స్టాఫ్ రూములో జువాలజీ లెక్చరర్ పవన్, సూర్యాపేట మనిషి, టిఫిన్ డబ్బా విప్పుతూ విషయమంతా విన్నాడు.

"మేడం, గంత పరేషాన్ ఎందుకు? ఆ టెస్టు చేసిండ్రని ఎవలకు తెలుసు? వీలు కాలేదని రాయుర్రి. లేకపోతే నేను ఏసిన జర్నల్‌కు పంపుర్రి. పైసలు కడితే వారం తిరక్కుండ ఏస్తరు. ఒక్క ప్రశ్న అడగరు."

"ప్రశ్నలు అడగనివాళ్లకు పంపేదానికి ఇంత కష్టమెందుకు పవన్ సార్? మా తమ్ముడి కొట్టు గోడకు అంటిస్తే సరిపోద్దిగా. అక్కడ చదివేవాళ్లన్నా ఉంటారు."

పవన్ నవ్వేశాడు. "మీతోని కాదు మేడం. పచ్చడి తినుర్రి."

సమాధానం చేలోనే ఉందనుకుని పూర్ణిమ ఆ ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కింది. కాలువ నిండుగా పారుతోంది. చేలన్నీ పొట్ట మీదున్నాయి. గోపమ్మ గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది.

"రా బిడ్డా రా! చలికాలం బస్టాండుల కనవడ్డవ్, మల్ల పత్తా లేవు. గోపమ్మ సచ్చిపోయిందనుకున్నవా?"

"నువ్వు చస్తే నాకు చేనెవరు చూపిస్తారమ్మా?"

"గట్లను. రొట్టె తింటవా? తిను. తిన్నంక సూడు నా చేను. ఈసారి ఎట్లున్నదో సూడు!"

పూర్ణిమ చూసింది. చేను పచ్చగా కాదు, పచ్చదనం ముదిరి నల్లగా ఉంది. ఆకులు మెత్తబడి బరువుకు వాలుతున్నాయి. చుట్టుపక్కల ఏ చేనూ అంత నిగనిగలాడటం లేదు. చూసేవాళ్లకు కళ్లు చల్లబడే చేను. పూర్ణిమకు మాత్రం ఆ నిగనిగ నచ్చలేదు.

"ఏం చేశావమ్మా దీనికి?"

"నువ్వు జెప్పిందే చేసిన."

"నేనేం చెప్పాను?"

"బస్టాండుల అంటివి గదా, మా దిక్కు మందు పని చేస్తలేదని. ఇంటికొచ్చి నేను సోంచాయించిన. పని చేస్తలేదంటే సరిపోతలేదన్నట్టే గదా. అందుకే ఈసారి పొట్ట మీద ఇంకో బస్తా ఎక్కువ సల్లిన."

పూర్ణిమ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. "బస్తానా? మందు బస్తాలో ఎందుకుంటుంది, సీసాలో కదా ఉండేది?"

"ఏ మందు అడుగుతున్నవ్ బిడ్డా? కొట్టేదా, సల్లేదా? సీసలది కొట్టే మందు. నేను సల్లింది యూరియా."

నడిగూడెంలో, కోదాడలో, యూరియాను కట్టలంటారు. "రెండు కట్టలు చల్లాం" అంటారు. మందు అంటే సీసాలోది, పంపుతో కొట్టేది. అది తప్ప ఇంకోటి మందని పుట్టి బుద్ధెరిగాక ఆమె తమ ఊళ్లో అనుకోలేదు, అనగా వినలేదు. ఇటు సూర్యాపేట, మిర్యాలగూడ ఊళ్లలో యూరియా కూడా మందే. మందు బస్తా, మందు చల్లుడు. వీళ్లకు ఆ తేడా చెప్పేది మందు అన్న మాట కాదు, దాని వెనక వచ్చే పని. కొడితే ఒకటి, చల్లితే ఒకటి. తానేమో ఎమ్మెస్సీ చదివిన తెలుగులో "మందు ఎన్నిసార్లు వాడారు" అని అడిగింది. కొట్టినదీ వాడినట్టే, చల్లినదీ వాడినట్టే. ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

పొట్ట మీద యూరియా ఎక్కువ వేస్తే అగ్గితెగులుకు విందు పెట్టినట్టే. అందుకే అటువైపు "మందు" ఎక్కువైన కొద్దీ మెడలు విరిగాయి. వ్యాసంలో తాను పటం గీసి, ఇదిగో కొత్త బూజు సరిహద్దు అని చూపించిన గీత బూజుది కాదు. మాటది.

రొట్టె పక్కన పెట్టి చేలోకి దిగింది. పై ఆకుల మీద, రెండు కొసలా సన్నబడిన కండె ఆకారపు అగ్గితెగులు మచ్చలు అప్పుడే కనబడుతున్నాయి. మధ్యలో బూడిద రంగు.

"అమ్మా, కొట్టే మందు ఇంట్లో ఉందా?"

"పని చేస్తలేదంటివి గదా, ఈసారి కొని తేలె."

"పని చేస్తుంది. నేను చెప్పిందే తప్పు. యూరియా ఇక గింజ కూడా చల్లకు. రేపు పొద్దున్నే మందు కొట్టించు, కంకి మొత్తం బయటికి రాకముందే."

"గిప్పుడు తప్పంటవ్. రేపచ్చి మల్ల ఒప్పంటవా?"

"అనను. మీ చేలోంచి తీసుకెళ్లిన బూజుకు ఇంట్లో విషం పెట్టి చూశాను. చచ్చింది."

గోపమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఇంట్ల విషం పెట్టి సంపినవా! మీ అత్తకు ఎరుకేనా?"

"కుక్కరు ఆవిడదే."

గోపమ్మ పకపకా నవ్వింది. పూర్ణిమకు నవ్వు రాలేదు. మందు పేరు చిన్న చీటీ మీద రాసి, కొట్టేది అని కింద గీత గీసి ఇచ్చి, బస్సు కోసం రోడ్డెక్కింది.

ఇంటికొచ్చి చందుకు చెప్పింది. అతను సంచీ లోపల పెట్టి, కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

"డిసెంబరు పోద్దంటావా?"

"పోతుంది. ఊళ్లన్నీ మళ్లీ తిరగాలి."

"తప్పు టికెట్టు కొడితే మేమేం చేస్తాం? క్యాన్సిల్ రాసి ఇంకోటి కొడతాం. జేబులో దాచుకుంటే ఎక్కడో ఒకచోట చెకింగ్‌వాళ్లు పట్టుకుంటారు."

"చెకింగ్ రాకపోయినా అది తప్పు టికెట్టేగా."

"అదీ నిజమే," అన్నాడు చందు. "ఏ రూట్లో ఎప్పుడు వెళ్లాలో చెప్పు. బస్సులు నేను చూసిపెడతా."

ఆమె ఎడిటర్‌కు జాబు రాసింది. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. వ్యాసంలోని ముఖ్యమైన మాట తప్పని, ఆ తప్పు తన ప్రశ్నలో ఉందని, ఎందుకు వచ్చిందో ఇదని, బూజు మందుకు చస్తోందని పరీక్షలో తేలిందని, రైతులను మళ్లీ అడిగి వ్యాసాన్ని కొత్తగా రాసుకోవడానికి సమయం కావాలని. ఎక్కడా క్షమాపణలు పొడిగించలేదు. కుట్టు తప్పితే విప్పడమే పని, విప్పుతూ ఏడవడం పనికాదు.

ఎడిటర్ రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. ఈ వ్యాసాన్ని ఇక్కడితో ముగిస్తున్నామని, సిద్ధమయ్యాక కొత్తదిగా పంపితే ఆ ఇద్దరితోనే చదివిస్తామని. డిసెంబరు వచ్చింది, పోయింది. పోస్టులోకి సూర్యాపేట నుంచి రమ్య అనే అమ్మాయి వచ్చింది. పాఠం బాగా చెబుతుంది. ప్రాక్టికల్స్‌లో చేయి తిరగక ఇబ్బంది పడుతుంటే, బ్లేడు ఎట్లా పట్టాలో పూర్ణిమే చూపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూజు కుక్కరు కడిగింది.

ఊళ్లు మళ్లీ తిరగడం ఆ కోతల సీజన్లోనే మొదలుపెట్టింది. ఈసారి ప్రశ్న రెండైంది. పొట్ట మీద మందు కొట్టిండ్రా? పొట్ట మీద మందు చల్లిండ్రా? కోదాడ దిక్కు అయితే, మందు కొట్టారా? కట్టలు చల్లారా? ఏ ఊళ్లో ఎట్లా అంటారో ముందు విని, వాళ్ల మాటలోనే అడిగింది. అడిగి ఊరుకోలేదు. ఖాళీ సీసానో, ఖాళీ సంచో చూపించమంది. పాత చేలు, పాత రైతులు, అన్నీ మొదటినుంచీ.

మిర్యాలగూడ దగ్గర తండాలో మంగ్త్యా అనే రైతు, మాటకారి, నలుగురు కూర్చున్న అరుగు మీద దొరికాడు.

"మంగ్త్యా, పోయినేడు పొట్ట మీద మందు కొట్టినవా?"

"కొట్టిన మేడం. పోయినేడేంది, రోజు పొద్దుగూకంగనే కొడత. రాసుకోండ్రి."

అరుగంతా గొల్లుమంది. మందుకు మూడో అర్థం కూడా ఉందన్న సంగతి పూర్ణిమకు అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు కొట్టేది నాకొద్దు. చేనుకు కొట్టింది చెప్పు."

"చేనుకు ఒక్కపారి కొట్టిన. యూరియా మాత్రం జర ఎక్కువనే సల్లిన. చేను నల్లగ లేకపోతే మా ఆమె ఊకోదు మేడం, పక్కోళ్ల చేను నల్లగున్నదంటది."

"ఆమెను పిలువు, ఆమెతోనే మాట్లాడతా."

"పిలుస్తగని, నేను కొట్టేది చెప్పకుండ్రి," అన్నాడు మంగ్త్యా. మళ్లీ నవ్వులు.

అట్లా ఊరూరా రాసుకొచ్చిన సమాధానాలను విడదీసి పేర్చితే, ఏడాదిగా ఆమెను సతాయించిన చిక్కు వీడిపోయింది. వేళకు మందు కొట్టిన చేలల్లో మూడు దిక్కులా మెడవిరుపు తక్కువ. పొట్ట మీద యూరియా ఎక్కువ చల్లిన చేలల్లో మూడు దిక్కులా ఎక్కువ. పళ్లేల్లో బూజు చెప్పిందీ అదే. గోపమ్మ చేను సంగతీ ఈ మాటకు సాక్ష్యమే. చీటీ పట్టుకుని మర్నాడే మందు కొట్టించింది కాబట్టి చాలావరకు నిలిచింది. కాలువ మడి మాత్రం, అప్పటికే కంకి బయటికొచ్చి ఉండటంతో, తెల్లకంకులు తేలింది. "ఆ మడి నీ ఖాతల రాసుకో బిడ్డా" అంది గోపమ్మ. పూర్ణిమ కాదనలేదు.

కొత్త వ్యాసంలో కొత్త బూజు లేదు. పెద్ద శీర్షిక లేదు. ఈ మూడు చోట్ల మెడవిరుపు బూజు ఇప్పటికి మందుకు లొంగే ఉందని, తెగులు పెరగడం వెనక పొట్ట మీది యూరియా ఉందని, రెండే మాటలు. పని చేసిన తీరు చెప్పే చోట మాత్రం ఒక పేరా చేర్చింది. రైతులను మొదట ఎట్లా అడిగాను, ఎందుకు తప్పింది, తర్వాత ఎట్లా అడిగాను అని. ఆ పేరాలో "కొట్టుడు", "చల్లుడు" అన్న తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థాలు ఇచ్చింది. పంపేముందు వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదువుకుంది. ఎక్కడా నాలుక తట్టుకోలేదు.

ఈసారి మొదటి రివ్యూయర్ పెదవి విరిచాడు. యూరియా సంగతి కొత్తదేమీ కాదు, వ్యాసాన్ని సగానికి కుదించమన్నాడు. రెండో మనిషి మాత్రం, "ఇప్పుడు మీ బూజూ మీ రైతులూ ఒకే మాట చెబుతున్నారు. రైతులను అడిగిన తీరు గురించిన పేరా తీయవద్దు" అని రాశారు. పూర్ణిమ వ్యాసాన్ని సగానికి కుదించింది. ఆ పేరాను మాత్రం ముట్టుకోలేదు. వ్యాసం ఒప్పుకున్నామని కబురొచ్చిన రోజు లక్ష్మీనర్సమ్మ పప్పు కుక్కర్లో పరమాన్నం వండి, ఏ కుక్కరో అందరికీ మూత ఎత్తి చూపించి మరీ వడ్డించింది.

పని అయిపోయిందనుకున్నారంతా. అప్పుడు అచ్చుకు ముందు సరిచూసుకోమని చివరి ప్రతి వచ్చింది. జర్నల్ ఆఫీసులో భాష దిద్దేవాళ్లు ఎవరో వ్యాసమంతా నున్నగా చేశారు. కామాలు సర్దారు, పొడుగు వాక్యాలు విరిచారు. బాగానే ఉంది అనుకుంటూ చదువుతున్న పూర్ణిమ ఆ పేరా దగ్గర ఆగిపోయింది. "కొట్టుడు" లేదు, "చల్లుడు" లేదు. రెండు చోట్లా మందును "అప్లై" చేశారని, ఒకే ఇంగ్లీషు మాట పెట్టేశారు. పక్కన చిన్న గమనిక, "పరభాషా పదాలు తొలగించి వాక్యం సరళం చేశాం."

తాను ఏ గోతిలో పడిందో, సరిగ్గా అదే గోతిలో!

సాయిబాబు కొట్టులో స్టూలు మీద కూర్చుని ఉంది ఆమె అప్పుడు. కౌంటరు అవతల రైతులు బేరాలాడుతున్నారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రెండు మాటలనూ వాటి వాటి చోట మళ్లీ నిలబెట్టింది. పక్కన కారణం రాసింది. ఈ రెండు పనులకూ ఒకే మాట వాడటమే నా మొదటి వ్యాసాన్ని తప్పుదారి పట్టించింది. ఈ పేరా ఉన్నదే ఆ సంగతి చెప్పడానికి. ఈ మాటలు తీసేస్తే వ్యాసం అచ్చు వేయడానికి నా ఒప్పుకోలు లేదు.

"మరీ అంత గట్టిగానా అక్కా? ఒప్పుకున్నాక మళ్లీ వద్దంటే?" అన్నాడు భుజం మీంచి చూస్తున్న సాయిబాబు. ఏం రాసిందో అతనికి అప్పటికే తెలుగులో చెప్పింది.

"వద్దంటే ఇంకోళ్లకు పంపుతా."

"మళ్లీ మొదటినుంచా?"

"మొదటినుంచి చేయడం నాకు కొత్తేంట్రా?" అని మీట నొక్కింది.

మర్నాడు జవాబు వచ్చింది. రచయిత కోరినట్టే ఉంచామని ఒకే వాక్యం. నెల తిరిగేసరికి వ్యాసం బయటికొచ్చింది. సాయిబాబు కౌంటరు మీది బేరం ఆపి మరీ ఫోను అడిగి తీసుకున్నాడు. వేలితో పెద్దది చేసి, పైకి జరిపి, కిందికి జరిపి, అక్క పేరు చూశాడు, బూజు ఫొటో చూశాడు. ఒకచోట వేలు ఆపి, కూడబలుక్కుని చదివాడు.

"అక్కా, దీన్లో నాకర్థమైన మాటలు ఈ రెండే."